ఏ యాప్ ఎప్పుడు తెరిచామో ఎవరికి తెలియాలి?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

ఆండ్రాయిడ్ ఫోన్లో ఒక యాప్‌కు 'యూసేజ్ యాక్సెస్' ఇస్తే, మిగతా యాప్‌లలో ఏది ఏ క్షణాన తెరపైకి వచ్చిందో, ఎప్పుడు పక్కకు పోయిందో అది చదవగలదు. లోపలి సంగతులు కనిపించవు, నిజమే. కానీ అర్ధరాత్రి బ్యాంకు యాప్, ఆ వెంటనే లోన్ యాప్ తెరిచారని తెలిశాక ఇంకేం తెలియాలి? పిల్లల ఫోన్ వాడకంపై కన్నేసే యాప్‌లకు ఇది తప్పదంటారు. కానీ గంటల లెక్క చూపడానికి మొత్తాలు చాలు, ఏది ఏ క్షణాన తెరిచారో అక్కర్లేదు. అనుమతి మాత్రం ఈ రెంటికీ ఒకటే. 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి నోటీసును రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూల్ భాషల్లోనూ చదువుకునే వీలుండాలంటోంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ వినిపించే మా బీదర్ జిల్లాకు అది పెద్ద ఆసరా. అందుకే, 'మీరు ఏ యాప్ ఎప్పుడు తెరిచారో చదువుతాం' అన్న ముక్క ఆ నోటీసులో తేటగా ఉండేలా ఆదేశించండి.

ఇట్లు,
ఒక పౌరుడు, కమఠాణ