కూలివాళ్లకు షుగరు రాదా?

"ఒళ్లు వంచి పనిచేసేవాడికి షుగరేమిటి, గుండెజబ్బేమిటి" అనే మాట మన గోదావరి జిల్లాల్లో ఇంకా వింటూనే ఉన్నాం. రోగుల ఇళ్లల్లోనే కాదు, సలహాలిచ్చే మాలాంటివారి మనసుల్లోనూ ఈ ఊహ చోటు చేసుకోగలదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అవన్నీ పల్లెలే సుమా!

ఇంకో ఊహ ఉంది, దాన్ని పట్టుకోవడం కష్టం. చదువులేనివారు చెప్పినా వినరని ముందే తీర్పు తీర్చడం. షుగరు పెరిగి వచ్చిన ఆఫీసరుగారిని "పని ఒత్తిడా అండీ?" అని, అదే రీడింగుతో వచ్చిన కూలీని "మందులు మానేశావా?" అని అడిగితే, ఒకే రీడింగుకు రెండు ప్రశ్నలు ఎందుకొచ్చాయి? బంగారు ఉంగరంవానికి మంచి చోటు, దరిద్రునికి నిలబడే చోటు చూపించడం గురించి యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో చదివినవాళ్లమే కదా.

తెల్లవారకముందే నాట్లకు బయలుదేరే మనిషికి ఓట్సు తినమని రాసిస్తే ఏం లాభం? క్యారేజీలో ఏముంటుందో, ఎన్ని గంటలకు తింటారో ముందు అడగాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్‌ను తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో చల్లగా దాచుకునే పద్ధతి చూపించాలి.

రోగులకు మా మనవి: చీటీలో రాసింది మీ ఇంట్లో కుదరదనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే చెప్పండి. మార్చి రాయించుకోండి.