పండుగ పోతది, పొట్ట ఉంటది



దీపావళి అయిపోయింది. ఇక డిసెంబరులో ఎమిరేట్స్, బహ్రెయిన్, ఖతార్ జాతీయ దినోత్సవాల సెలవులు, ఆ తర్వాత క్రిస్మస్, కొత్త సంవత్సరం, వెంటనే సంక్రాంతి. చుట్టీ నుంచి తిరిగొచ్చేవాళ్ల సామానులో సకినాలు, అరిసెలు, పచ్చళ్లు వస్తాయి. సెలవు రోజున రూమ్‌లో అందరూ కలిసి బిర్యానీ వండుకుంటారు, పక్కన పెద్ద కూల్‌డ్రింకు సీసాలు పెట్టుకుంటారు. ఈ రెండు నెలల్లో మన ఒంటికి ఏమవుతుందో ఈసారి మాట్లాడుకుందాం.

పండుగ నాడు తినొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పిల్లలు ఫోన్‌లో కనిపిస్తారు, చేతికి అందరు. అట్లాంటి రోజున ఇంటి నుంచి వచ్చిన అరిసె తింటే కలిగే తృప్తి వేరు. తినండి. మా మాట ఆ ఒక్క రోజు గురించి కాదు. ఆ రోజు పేరు చెప్పి రెండు నెలలు సాగే తిండి గురించి.

"కష్టం చేసే ఒళ్లు, తిన్నదంతా కరిగిపోతది" అని మనలో చాలామంది అంటారు. అమెరికాలో 195 మందిని పండుగ నెలల ముందు, తర్వాత తూచి చూశారు. ఆ అధ్యయనం 2000లో అచ్చయింది. నవంబరు మధ్య నుంచి జనవరి దాకా ఒక్కొక్కరు సగటున పెరిగింది 370 గ్రాములే. అరకిలో కూడా కాదు. కానీ పండుగలు పోయిన తర్వాత వచ్చిన నెలల్లో ఆ బరువు దిగలేదు. ఏడాదికి ఇంతే అనుకున్నా, పదేళ్లు గల్ఫ్‌లో ఉన్న మనిషికి మూడున్నర కిలోల పైనే అవుతుంది. పైగా మనలో అందరూ ఇటుకలు మోసేవాళ్లు కాదు. డ్రైవర్లు, క్రేన్ ఆపరేటర్లు, సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్లు పన్నెండు గంటలు అలసిపోతారు గానీ, ఆ పన్నెండు గంటల్లో ఒళ్లు కదిలేది తక్కువ. అలసట వేరు, కదలిక వేరు.

మన దేశం వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మనిషి సన్నగానే ఉంటాడు, పొట్ట మాత్రం వస్తుంది. ఆ పొట్ట కొవ్వుతోనే షుగర్, బీపీ, గుండె జబ్బు దగ్గరవుతాయి. అందుకే డాక్టర్లు మనవాళ్లకు నడుము కొలత చూడమంటారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35.5 అంగుళాలు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు దాటకూడదు. ప్యాంటు సైజును నమ్మకండి. పొట్ట పెరిగితే ప్యాంటు కిందికి జారుతుంది, సైజు అట్లనే ఉంటుంది.

ఇది అందం గురించిన ముచ్చట కాదు. మనం ఇక్కడికి తెచ్చుకున్న పెట్టుబడి ఈ ఒళ్లు ఒక్కటే. మంచాన పడితే డ్యూటీ ఆగుతుంది, ఊళ్లో తెచ్చిన అప్పు మీద మిత్తి ఆగదు.

మరి ఏం చేయాలి? మొదట తాగేదాన్ని చూసుకుందాం. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఎనిమిది తొమ్మిది చెంచాలు. ఆ ఒక్క డబ్బా ఖర్చు కావాలంటే అరగంట నడవాలి. 2017లో సౌదీ, ఎమిరేట్స్ ప్రభుత్వాలు ఈ డ్రింకుల మీద 50 శాతం పన్ను వేసింది ఊరికే కాదు. బిర్యానీ పక్కన మజ్జిగ పెట్టండి, లేదా నిమ్మకాయ పిండిన నీళ్లు. కరక్ చాయ్ రోజుకు నాలుగైతే రెండు చేయండి, లేదా చక్కెర సగం వేయమనండి.

రెండోది పళ్లెం. ముందు కూర, పప్పు వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకోండి. అన్నం గుట్ట దానంతట అదే తగ్గుతుంది. రూమ్‌లో వండుకునేవాళ్లు నూనె ఈ నెల ఎంత పట్టిందో, పోయిన నెల ఎంత పట్టిందో గోడ మీద రాసి పెట్టుకోండి. కంపెనీ మెస్‌లో తినేవాళ్ల చేతిలో ఇది లేదు, మాకు తెలుసు. నీళ్ల పప్పు, కొండంత అన్నం పెట్టి తర్వాత కార్మికుడికి పొట్ట వచ్చిందంటే తప్పు కార్మికుడిది ఒక్కడిదే కాదు. పది మంది కలిసి క్యాంప్ బాస్‌ను కూరగాయలు, పెరుగు అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అంటారు, పది మంది అడిగితే వింటారు.

ఇళ్లలో పనిచేసే అక్కాచెల్లెళ్ల కష్టం వేరు. విందులన్నీ అయ్యి, గిన్నెలు కడిగేసరికి అర్ధరాత్రి. అప్పుడు మిగిలిన మిఠాయి పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకుంటారు. వీలుంటే మీ అన్నం ముందే తినండి. మిగిలింది మరునాటికి ఫ్రిజ్‌లో ఉంటుంది, మీ కడుపులోకే పోవాలని లేదు.

మూడోది నడక. ఎండాకాలంలో బయట నడవమని మేమెవ్వరికీ చెప్పలేం. కానీ ఇప్పుడు సాయంత్రాలు చల్లగా ఉన్నాయి. తిన్న వెంటనే మంచమెక్కకుండా, ఫోన్ మాట్లాడేదేదో నడుస్తూ మాట్లాడండి. ఇంటితో అరగంట మాట్లాడితే అరగంట నడక.

పొద్దంతా కడుపు మాడ్చుకుని పనికి పోకండి. బరువు తగ్గిస్తామని అమ్మే పొడులు, గోలీలు కొనకండి. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు మాల వేసుకున్నా, ఉపవాసం ఉన్నా ముందు డాక్టరును అడగండి. గోలీ మాత్రం మీ అంతట మీరు మానకండి.

ఈ రాత్రి ఒక పని చేయండి. కుట్టుమిషన్ దగ్గరి టేపు తెచ్చి, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా బొడ్డు మీదుగా కొలిచి, క్యాలెండర్ మీద రాయండి. సంక్రాంతి అయ్యాక మళ్లీ కొలవండి. అంకె పెరిగితే జనవరిలోనే తెలుస్తుంది, ఐదేళ్ల తర్వాత ఆసుపత్రిలో కాదు.

ఇక ఊరి నుంచి సకినాల డబ్బా వస్తే మంచం కింద దాచుకోకండి. ఆ రోజే మూత తీసి రూమ్‌లో అందరికీ పంచండి. తలా నాలుగు వస్తాయి, అందరికీ పండుగ అవుతుంది, డబ్బా ఖాళీ అవుతుంది.