క్లోమానికి కావలసింది డబ్బాలో పొడి కాదు

ఈమధ్య ఎవరింటికి వెళ్లినా ఫ్రిజ్ మీద ఏదో ఒక డబ్బా కనిపిస్తోంది. ఒకరింట్లో కాకరకాయ మాత్రలు, ఇంకొకరింట్లో నేరేడు గింజల పొడి, మరొకరింట్లో బరువు తగ్గించే పొడి. ఏమిటని అడిగితే "క్లోమానికి మంచిదట వదినా" అంటారు. ఆ క్లోమం సంగతేమిటో ఈ వారం చెప్పుకుందాం.

డాక్టర్లు పాంక్రియాస్ అనే గ్రంథే ఈ క్లోమం. పొట్ట వెనకాల అడ్డంగా, జానెడు కంటే చిన్నగా ఉంటుంది. దానివి రెండు పనులు. తిన్నది అరిగించే రసాలు ఇవ్వడం ఒకటి, రక్తంలో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారుచేయడం రెండోది. 1921లో కెనడాలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్లు ఇన్సులిన్ వేరుచేసేదాకా, షుగరు వచ్చిన పసిపిల్లలు బతికేవారే కాదు.

మరి మనం దానికి పెడుతున్న చాకిరీ చూడండి. పూటపూటా పళ్లెం నిండా అన్నం, మధ్యలో మూడుసార్లు తీపి టీ, సాయంత్రం బజ్జీలు. నడుం చుట్టూ కొవ్వు చేరేకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు క్లోమం రెట్టింపు పనిచేసి, చివరికి అలిసిపోతుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 1000 దాటితే క్లోమం వాచిపోవచ్చు కూడా. మగవాళ్ల తాగుడు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాకర, మెంతులు చెడ్డవని నేననడం లేదు. మెంతుల్లో పీచు ఉంటుంది, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. కాని కాకరకాయని నూనెలో ముంచి వేయించి, పులుసులో ఇంత బెల్లం కొట్టి, "షుగరుకి మందు" అనుకుంటే ఎలాగమ్మా? డబ్బా కొంటే లేబుల్ చదవండి. ఆహార సప్లిమెంటు అయితే, ఇది వైద్యానికి కాదని వేయాలని నిబంధన ఉంది. పొడి వాడుతున్నాం కదా అని డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఎప్పుడూ ఆపకండి. రెండూ కలిపి వాడితే షుగరు మరీ పడిపోవచ్చు, కాబట్టి డాక్టరుకి చెప్పే వాడండి.

విటమిన్ల విషయంలోనూ జాగ్రత్త. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి వేసుకోమంటే, కొందరు రోజూ వేసేసుకుంటారు. దాంతో రక్తంలో కాల్షియం పెరిగి క్లోమం దెబ్బతినవచ్చు.

మా తోటికోడలు కూతురి పెళ్లికి సన్నబడాలని మూడు నెలలు రెండు పూటలా పొడి కలుపుకుని తాగింది. పన్నెండు కిలోలు తగ్గింది. అందరం మెచ్చుకున్నాం. అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చని మాకేం తెలుసు? ఒక రాత్రి పైపొట్టలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది, ఒకటే వాంతులు. గ్యాసని సోడా, వాము ఇచ్చారు. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే, రాయి జారి క్లోమం వాచిందన్నారు. తొమ్మిది రోజులు ఉంచారు. పెళ్లి పనులన్నీ ఆగిపోయాయి. ప్రాణం దక్కింది, అదే చాలు. ఇలాంటి నొప్పి వస్తే అర్ధరాత్రయినా సరే, పిల్లల బడి, వంట అని చూడకుండా వెంటనే బయల్దేరండి.

ఇంట్లో మనం చేసుకోగలిగినవి ఇవి:

* కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలి. అన్నం తగ్గించి పప్పు పెంచండి.
* ప్రొటీన్ కోసం పొడులొద్దని 2024లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ కూడా చెప్పింది. పెసలు, శనగలు, గుడ్డు, పెరుగు చాలు.
* బజ్జీలు కాచిన నూనెని మళ్లీ మళ్లీ కాచకండి.
* భోంచేశాక పావుగంట నడవండి.
* ఏడాదికోసారి పరగడుపున షుగరు చూపించుకోండి. 100 దాటితే హెచ్చరిక, 126 దాటితే డాక్టరు దగ్గరికి.

ఈ సాయంత్రం బజ్జీలకి బదులు నానబెట్టిన బొబ్బర్లు ఉడికించి, చెంచాడు నూనెలో ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపు వేసి, నిమ్మకాయ పిండి పెట్టండి. డబ్బా ఖరీదులో నెలంతా గుగ్గిళ్లు వస్తాయి!