వాట్స్ సరే... సబ్‌వూఫర్ పాడైతే బాగు చేసేదెవరు?

పండగ సేల్ మొదలైతే చాలు, నాకు వచ్చే మెసేజ్‌లలో సగం సౌండ్‌బార్ గురించే ఉంటాయి. "అన్నా, 500 వాట్స్‌ది తీసుకోనా, 600 వాట్స్‌ది తీసుకోనా? తేడా రెండు వేలే." ఇలా అడిగేవాళ్లు చాలామంది. "దీని సబ్‌వూఫర్ పాడైతే విడిగా దొరుకుతుందా?" అని అడిగినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. సౌండ్‌బార్ కొనేటప్పుడు ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ఫోన్ అంటే మూడు నాలుగేళ్లకు మారుస్తాం. టీవీ కింద పెట్టే సౌండ్‌బార్‌ని మాత్రం టీవీ ఉన్నన్నాళ్లూ ఉంటుందన్న లెక్కతోనే కొంటాం. కానీ చాలా మోడళ్లకు వారంటీ ఒక్క ఏడాదే. ఆ తర్వాత సంగతేంటో స్పెక్ షీట్‌లో ఒక్క లైను కూడా ఉండదు. బాక్స్ మీద ఇంత పెద్ద అక్షరాలతో వాట్స్ వేసే కంపెనీలు, స్పేర్ పార్ట్స్ ఎన్నేళ్లు ఇస్తాయో చిన్న అక్షరాలతోనైనా వేయవు. నా గొడవంతా దాని గురించే.

ముందు ఆ వాట్స్ సంగతి తేల్చేద్దాం

500 వాట్స్‌కీ 600 వాట్స్‌కీ మధ్య తేడా, మిగతావన్నీ సమానమైతే, ఒక డెసిబెల్ కూడా ఉండదు. మన చెవికి అది తెలియడమే కష్టం. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. "రెట్టింపు సౌండ్ వస్తోంది" అని మనకు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి వంద వాట్స్ కోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం దండగ.

పైగా ఆ 500 అంకె ఎలా వచ్చిందో కూడా చూడాలి. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అని వేల వాట్స్ రాసేవాళ్లు. దానికి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకున్నారు. ఇప్పుడు ఆర్‌ఎంఎస్ అని రాస్తున్నారు, సంతోషం. కానీ దాన్ని ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారు? 10 శాతం టీహెచ్‌డీ దగ్గర కొలిచిన అంకె, 1 శాతం దగ్గర కొలిచినదానికంటే ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. 10 శాతం అంటే పాట అప్పటికే బొంగురు పోతున్నట్టు లెక్క. షీట్‌లో టీహెచ్‌డీ రాయకుండా వాట్స్ మాత్రమే రాశారంటే, ఆ అంకెను సగం నమ్మండి చాలు.

ఇంకో చిన్న చిట్కా. బార్ వెనకో, సబ్‌వూఫర్ వెనకో అతికించిన లేబుల్ చూడండి. కరెంట్ ఎంత తీసుకుంటుందో అక్కడ రాసి ఉంటుంది. అది మామూలు వాడకంలో కొలిచింది కావచ్చు, కాబట్టి దాన్నే ఫైనల్ అనుకోకండి. కానీ గోడలోంచి 60 వాట్స్ తీసుకునే పెట్టె, ఆగకుండా 500 వాట్స్ బయటికి ఇవ్వలేదు. తీసుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చే యాంప్లిఫయర్ ప్రపంచంలో లేదు.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కూడా అంతే. "40 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎన్ని డెసిబెల్స్ అన్నది రాయకపోతే ఆ లైన్‌తో మనకు ఉపయోగం తక్కువ. 40 హెర్ట్జ్ దగ్గర సౌండ్ వస్తుందంటారు సరే, అది గదిలో వినిపించేంత వస్తుందా లేదా అన్నది చెప్పలేదు కదా.

స్పెక్స్‌లో సర్వీస్‌కి పనికొచ్చేవి ఇవీ

నేను స్పెక్ షీట్ చదివేటప్పుడు ఇప్పుడు వేరే కళ్లతో చదువుతాను. ప్రతి లైను దగ్గరా "ఇది పోతే ఏం చేయాలి?" అని చూస్తాను.

మొదటిది, సబ్‌వూఫర్ వైర్డా, వైర్‌లెస్సా. వైర్‌లెస్ సబ్‌కి కూడా కరెంట్ వైరు ఎలాగూ ఉంటుంది. లోపల సొంత యాంప్లిఫయర్, సొంత పవర్ సప్లై, ఒక రేడియో మాడ్యూల్ ఉంటాయి. చాలా మోడళ్లలో ఈ లింక్ బ్లూటూత్ కాదు, ఆ కంపెనీ సొంత పద్ధతి. అంటే మాడ్యూల్ పోతే అదే మోడల్‌కి చెందిన మాడ్యూలే కావాలి. వేరే కంపెనీ సబ్‌ని దానికి కలపడం కుదరదు. వైర్డ్ సెట్‌లో ఈ గొడవ లేదు. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్‌నే తీసుకోండి. 5.1 చానల్స్, 400 వాట్స్, బార్ నుంచి వెనక స్పీకర్ల దాకా అన్నీ వైర్లతోనే సబ్‌వూఫర్‌కి కలుస్తాయి. హాల్లో వైర్లు కనిపిస్తాయి, అమ్మ నాలుగు మాటలంటుంది, నిజమే. కానీ వెనక స్పీకర్ మోగకపోతే మీటర్ ఉన్న ఏ మెకానిక్ అయినా పది నిమిషాల్లో వైరు పోయిందా, స్పీకర్ పోయిందా చెప్పేస్తాడు.

రెండోది, పోర్టులు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఈఏఆర్‌సీ 2017లో 2.1తో వచ్చింది. ఓటీటీ యాప్స్‌లో వచ్చే డాల్బీ అట్మాస్‌కి మామూలు ఏఆర్‌సీ చాలు. బ్లూ-రేలో ఉండే ట్రూహెచ్‌డీ కావాలంటేనే ఈఏఆర్‌సీ తప్పనిసరి. ఇదంతా మీకు తెలిసిందే. నేను చూసేది ఇంకోటి: హెచ్‌డీఎంఐతో పాటు ఆప్టికల్ కూడా ఉందా? పిడుగు పడ్డప్పుడు కేబుల్ కనెక్షన్ గుండానో, సెట్‌టాప్ బాక్స్ గుండానో వచ్చే సర్జ్ ముందు హెచ్‌డీఎంఐ పోర్టునే కొట్టొచ్చు. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురే, కరెంట్ కాదు. అందులో అట్మాస్ రాదు, డాల్బీ డిజిటల్ 5.1 వరకే వస్తుంది. అయినా హెచ్‌డీఎంఐ కాలిపోయిన రోజు ఇంట్లో సినిమా ఆగదు.

మూడోది, సాఫ్ట్‌వేర్. 2025 మార్చిలో సామ్‌సంగ్ హెచ్‌డబ్ల్యూ-క్యూ990డి వాడేవాళ్లకు ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. 1020.7 ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దిగిన తర్వాత చాలా బార్లు ఇటుకల్లా అయిపోయాయి. రిమోట్ పని చేయదు, రీసెట్ కూడా అవ్వదు. కంపెనీ ఫ్రీగా రిపేర్ చేస్తామంది, మంచిదే. కానీ అది అగ్రశ్రేణి మోడల్, ప్రపంచమంతా గోల చేసింది కాబట్టి విన్నారు. ఆరు వేల రూపాయల బార్‌కి ఇలా అయితే ఎవరు గోల చేస్తారు? అందుకే, అప్‌డేట్‌ని మనకు నచ్చినప్పుడే పెట్టుకునే వీలు ఉందా, పాడైతే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ ఎక్కించే దారి ఉందా అన్నవి కూడా నా దృష్టిలో స్పెసిఫికేషన్లే.

రిపేర్ ఖరీదు కాదు, పార్టు దొరకకపోవడమే ఖరీదు

ఖమ్మంలో మా అక్క వాళ్లింట్లో ఒక సెట్ ఉంది. కొన్న పద్నాలుగో నెలలో సబ్‌వూఫర్ ఆన్ అవడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కి బావ రెండుసార్లు తిరిగారు. చివరికి వాళ్లు చెప్పిందేంటంటే, "ఆ మోడల్ ఆగిపోయింది సార్, బోర్డు రాదు. కొత్తది తీసుకుంటే డిస్కౌంట్ ఇప్పిస్తాం." నేను దాన్ని హైదరాబాద్ తెచ్చి కోఠి గుజరాతీ గల్లీలో ఒకాయనకి చూపించాను. విప్పి చూస్తే పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, ఫ్యూజ్ పోయింది. మార్చి 600 తీసుకున్నాడు. సబ్ మోగుతోంది.

ఇది ఆ ఒక్క కంపెనీ కథ కాదు, అందుకే పేరు చెప్పడం లేదు. ఇక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఇలాంటి లోపం వింతేమీ కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడి శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. గాలి ఆడని టీవీ యూనిట్ అరలో, మన ఎండాకాలంలో, రోజూ కరెంట్ పోయి వచ్చే చోట అది త్వరగా ఉబ్బకపోతేనే ఆశ్చర్యం. రెండు, ఆ మెకానిక్ అదృష్టం కొద్దీ మామూలు పార్టు పోయింది కాబట్టి బాగైంది. అదే వైర్‌లెస్ మాడ్యూలో, మెయిన్ బోర్డులో చిప్పో అయితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? సర్క్యూట్ డయాగ్రమ్ బయటికి ఇవ్వరు, పార్టు అమ్మరు. పని తెలిసిన చేతులు మన దగ్గర గల్లీ గల్లీకి ఉన్నాయి. వాటికి పార్టులు అందడం లేదు.

"ఇప్పుడు ఎవరన్నా రిపేర్ చేయిస్తారా? ఎక్స్ఛేంజ్‌లో పడేసి కొత్తది తీసుకోవడమే" అని కొందరు ఫ్రెండ్స్ వాదిస్తారు. రెండు వేల రూపాయల బార్ విషయంలో నేనూ పెద్దగా పట్టుబట్టను. కానీ ఇరవై, ముప్పై వేల సెట్ చాలా ఇళ్లల్లో ఒక నెల జీతం. పైగా సబ్‌వూఫర్‌లో ఏముంటుందో ఆలోచించండి. చెక్క పెట్టె, అయస్కాంతం, కోన్ ఉంటాయి. ఇవి పదేళ్లయినా ఉండగలవు. అరచేతిలో పట్టే ఒక బోర్డు దొరకలేదని అన్ని కిలోల వస్తువును చెత్తకి ఇవ్వడం ఏ లెక్కన అప్‌గ్రేడ్ అవుతుంది?

కొనేముందు షాపులో అడగాల్సినవి

ఈ ప్రశ్నలు సేల్స్ కుర్రాడికి కొత్తగా ఉంటాయి. అయినా అడగండి, లేదా కంపెనీ సపోర్ట్‌కి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ఒకటి: సబ్‌వూఫర్, రిమోట్, అడాప్టర్ విడిగా అమ్ముతారా, ధర ఎంత?

రెండు: మీ పిన్‌కోడ్‌కి సర్వీస్ ఇంటికొచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్లాలా? ఎనిమిది కిలోల సబ్‌ని జిల్లా కేంద్రం దాకా బస్సులో తీసుకెళ్లడం ఎలా ఉంటుందో బావని అడిగితే చెప్తారు.

మూడు: వారంటీలో సబ్‌వూఫర్, బార్ రెండూ ఉన్నాయా? ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇచ్చేది కంపెనీనా, అమ్మిన వెబ్‌సైటా?

నాలుగు: మోడల్ అమ్మకం ఆపేశాక ఎన్నేళ్లు పార్టులు ఇస్తారు?

ఇంటికి తెచ్చాక సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి, చుట్టూ గాలి ఆడనివ్వండి, ఉరుముల రోజు ప్లగ్గు తీసేయండి. బిల్లు, సీరియల్ నంబర్ ఫోటో తీసి ఉంచండి. సౌండ్ రాకపోతే వెంటనే సర్వీస్‌కి ఫోన్ చేయకుండా, టీవీలో ఏఆర్‌సీ అని రాసిన పోర్టులోనే కేబుల్ ఉందా, సీఈసీ ఆన్‌లో ఉందా, టీవీ ఆడియో అవుట్‌పుట్ బార్‌కి మారిందా చూడండి. సబ్ లైటు మిణుకుమిణుకు మంటుంటే రెండింటి ప్లగ్గులూ తీసి, కాసేపాగి పెట్టి, సబ్ వెనక పెయిరింగ్ బటన్ నొక్కండి. అక్కడితో ఆగండి. మూత మాత్రం మీరు విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంట్ పవర్ సప్లైలోకి వెళ్లాక 320 వోల్టుల పైచిలుకు డీసీగా మారుతుంది. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో అది కొంతసేపు ఉంటుంది.

ఈ లైను షీట్‌లో ఉండాల్సిందే

ఇది అత్యాశ కాదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి స్మార్ట్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీల లాంటి కొన్ని వస్తువుల మీద పదికి ఇంత అని రిపేర్ మార్కులు వేసి చూపించడం మొదలుపెట్టారు. విప్పడం ఎంత సులువు, పార్టులు దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నవన్నీ ఆ మార్కుల్లో ఉంటాయి. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, ఆ డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం 2024లో ఇంకో కమిటీ వేసింది. కానీ అక్కడ మొదటి వరస ఫోన్లు, టాబ్లెట్లదే. టీవీ కింద కూర్చున్న సౌండ్‌బార్ వంతు ఎప్పుడొస్తుందో చూడాలి.

అందాకా వారంటీలో ఉన్న వస్తువుని తిప్పించుకుంటుంటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అలాగే మన గ్యాడ్జెట్ రివ్యూలు రాసే, తీసే వాళ్లందరికీ ఒక మాట. బాస్ ఎలా ఉందో చెప్పడానికి ఐదు నిమిషాలు తీసుకుంటాం. అందులో అర నిమిషం "సబ్ విడిగా దొరుకుతుంది, ధర ఇంత" అనో, "దొరకదు" అనో చెప్పడానికి పెడదాం. నేను రాయబోయే ప్రతి సౌండ్‌బార్ రివ్యూలో వాట్స్ కంటే ముందు ఆ లైనే ఉంటుంది. కంపెనీ జవాబు ఇవ్వకపోతే, జవాబు ఇవ్వలేదనే రాస్తాను.