కల్లు రుచియు, రైతు వివేకమును

మన సంఘ పత్రికలో వరి, చెరకు, జీడిమామిడి పంటలను గూర్చి వ్రాయుట వాడుక. పంట యమ్మిన సొమ్ములో కొంత సాయంకాలము ముంతలోనికో సీసాలోనికో పోవుచున్నదని యెల్లరెరుగుదురు. కాని దానిని గూర్చి వ్రాయువారు తక్కువ. వ్రాసినవారును "త్రాగకుడు" అను నొక్కమాటతో ముగింతురు. మిషను పాఠశాలలో చదువుకొన్న మాకును చిన్ననాట నామాటయే నేర్పబడినది. త్రాగనివాడు ధన్యుడే, సందేహము లేదు. అయినను త్రాగువారితో మాటాడవలెనన్న, వారు త్రాగు వస్తువుయొక్క మంచిచెడ్డలు విప్పి చెప్పుట మేలని మా తలంపు.

మా రుచిని మేము దాచము. నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లి పోవునెడ దొరకు జీలుగు కల్లు, తెల్లవారుజామున దింపినది, మాకన్నిటికంటె నింపైనది. దాని తరువాత చలికాలపు ఈత కల్లు. తాటి కల్లు కొంత పులుపెక్కిననే బాగని మా మిత్రులందురు. మేమా మాట కొప్పము.

ఈ భేదమంతయు గడియలను బట్టి కలుగునది. గెలనుండి కారునపుడు రసము తియ్యని నీరే. నూటికి పది మొదలు పదునాలుగు పాళ్లవరకు చక్కెర యుండును. లొట్టి నంటియున్న యీస్టు అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను మద్యముగా మార్చును. పాలకు తోడు పడినట్లే యనుకొనుడు. కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్ల మద్యమేర్పడును. మరునాటికది పులిసిపోయి సిర్కా యగు దారి పట్టును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట యాగును, అదియే నీరా.

పట్టణపు సీసాలలో బీరు మొలకెత్తిన బార్లీతో కాచి, హాప్సు పువ్వుల చేదు చేర్చి పులియబెట్టినది. ఆ చేదు మా నాలుకకు సరిపడలేదు. వైను ద్రాక్షరసము పులిసినది. నిప్పు తగులనిది గనుక కల్లునకు దగ్గర చుట్టము. కాని మంచి వైను ఏండ్ల తరబడి నిలుచును, కల్లు పూటకంటె నిలువదు. వర్తకునకిది నష్టమైనను, కొనువానికి రక్ష; పాత సరకు పులుపుతోనే పట్టుబడును. అందుకే దుర్మార్గులు మత్తుమందులు కలుపుచున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి.

ఇక నిప్పుపై కాచినవి. ఇప్పపూవు వేసవి మొదట రాలును. దాని నేరి, యెండబెట్టి, నానబెట్టి, పులిసిన పిదప బట్టీపై దింపుదురు. దాని వాసన మాకు పొగవలె తోచును. కొండమీది పెద్దల కది పండుగ వాసన. ఎవరి రుచి వారిది. బెల్లపు సారాకు మాత్రము రుచియే లేదు. ఊటలో యూరియా, నవసారము వేసి, త్వరగా తలకెక్కుటయే గుణమని యమ్ముచున్నారు. మిథైలు మద్యము కలిసినచో చూపు పోవును, ప్రాణమును పోవచ్చును. ఆ భేదమును నాలుక కనిపెట్టజాలదు. అనకాపల్లి బజారునకు పోవలసిన బెల్లము ఊటకుండలోనికి పోవుట రైతుకు సిగ్గుచేటు.

చట్టముల మాట చూడుడు. 1879లో రంప పితూరీ లేచుటకు కల్లుగీతపై పన్ను, గుత్తదారుల పీడన ముఖ్యకారణములు. ఆ పితూరీ మన గొలుగొండ కొండలకును ప్రాకెను. 1922లో చింతపల్లి ఠాణాపై దాడి సలిపిన అల్లూరి సీతారామరాజు, అంతకు ముందే త్రాగుడు మానుడని మన్యమున బోధించెను. నాటి ప్రజలు చెట్టుపై తమకు హక్కు కోరిరి. రాజు వారి మనస్సుపై వారికే యేలుబడి యుండవలెననెను. రెండును న్యాయమే. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పూనికతో సాగిన యుద్యమమువలన 1993లో సారా నిషేధమయ్యెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలెను. నాటుసారా కాచుట నేటికిని నేరమే. అయినను బట్టీలు చల్లారలేదు. కావున చట్టముతోపాటు రుచికూడ మారవలెను.

మా మనవి యిది. జీలుగు చెట్టు పైనుండి క్రిందికి గెలలు వేసి, కడపటి గెలతో చచ్చును. కొత్తది గీతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నరికినవారేగాని నాటువారు లేకున్న మన మనుమల కా రుచి కథయే. గట్లపై తాటి, జీలుగు విత్తులు వేయుడు. రంపచోడవరము చేరువనున్న పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానమువారు తాటి, నీరాలపై పనిచేయుచున్నారు. సంఘమువారు గీతపనివారిని వెంటబెట్టుకొనిపోయి చూచి రావలెను. అనుమతి పొంది, సున్నపు లొట్టిలో దింపిన రసమును తెల్లవారునప్పటికే చేర్చి, మిగిలిన దానిని ఆనాడే కాచి తాటిబెల్లము చేసినచో గీతపనివానికి కూలియు, పిల్లలకు తీపియు దక్కును.

త్రాగుట మానలేనివారు ఏ చెట్టుది, ఏ వేళ దింపినది, ఎవరు దింపిరి అని ముందుగా నడుగుడు. ఈ మూటికి జవాబు లేని పానీయమును ఇంటి గడప దాటనీయకుడు.