లెక్క తప్పితే పప్పులో నీళ్లే!

మధ్యాహ్నం పన్నెండున్నర. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద సూర్యాపేట. హోటల్ ముందు రెండు బస్సులు ఒక్కసారే ఆగాయంటే చాలు... ఎనభై మంది ఆకలితో దిగుతారు. అవి ఆగకుండా వెళ్లిపోతే? వండిందంతా మిగులే! పైగా వండిన అన్నాన్ని గంటల తరబడి అలా వదిలేస్తే ఆరోగ్యానికీ చేటు. అందుకే ఇలాంటిచోట అంతా ఒకేసారి వండకూడదు. మొదటి గిన్నె సగానికి రాగానే రెండోదానికి ఎసరు పెట్టాలి.

కోదాడలో పెళ్లి వంటది ఇంకో లెక్క. ఐదొందల శుభలేఖలు పంచితే వచ్చేది ఐదొందల మందా, వెయ్యి మందా? అది తేలాక వంటమేస్త్రి అడగాల్సింది, బియ్యం కొత్తవా పాతవా అని. సాగర్ ఎడమకాలువ కింద పండి, మిర్యాలగూడ మిల్లుల్లో మరాడిన సన్నబియ్యమే అయినా... కొత్తవి ముద్దవుతాయి, పాతవి బాగా ఒదుగుతాయి. కిలో బియ్యానికి సుమారు రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం. అరకిలో తేడాయే కదా అనుకోవద్దు. యాభై కిలోల బియ్యం దగ్గర అది పాతిక కిలోల అన్నం. డెబ్భై ఎనభై మంది భోజనం!

అన్నిటికన్నా కచ్చితంగా ఉండాల్సింది బడి వంట. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైన మధ్యాహ్న భోజన పథకంలో కొలతలు రాసిపెట్టి ఉంటాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఆరు నుంచి ఎనిమిది చదివేవాళ్లకు 150, 30 గ్రాములు. మిర్యాలగూడ దగ్గర ఓ బడిలో ఈరోజు చిన్నవాళ్లు 60 మంది, పెద్దవాళ్లు 40 మంది వచ్చారనుకుందాం. 12 కిలోల బియ్యం, 2 కిలోల 400 గ్రాముల పప్పు కావాలి. పొద్దున హాజరు సరిగ్గా చెబితేనే ఈ లెక్క కుదిరేది.

అంతా సరిగ్గా వండినా గరిటె దగ్గర తప్పొచ్చు. ముందున్న వాళ్లకు నిండుగా వడ్డించేస్తే వెనకవాళ్ల వంతుకు పప్పు తగ్గుతుంది... అందులో నీళ్లు చేరతాయి. ఇంట్లో పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లాడు ఆ వరుస చివర్లోనే ఉండొచ్చు!

దీనికో తేలిక ఉపాయం ఉంది. వడ్డించే గరిటెను ముందే ఒకసారి తూచుకోవాలి. గరిటెడు అన్నం ఎన్ని గ్రాములో, గిన్నెలో ఎన్ని గరిటెలున్నాయో తెలిస్తే ఎవరికెంతో తేలిపోతుంది. ఇంట్లో పదిమంది చుట్టాలొచ్చినప్పుడూ ఇదే లెక్క. ఆఖరి కంచంలోనూ మొదటి కంచంలో పడినంతే పడాలి.