ఎరువంటే భయం సరే... జింకు సంగతేంటి?

‘ఎరువులేసిన బియ్యం తింటే జబ్బులొస్తాయి కదా డాక్టర్‌ గారూ?’ చదువుకున్న వాళ్లే నన్ను ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతుంటారు. పురుగుమందునీ ఎరువునీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. పురుగుమందు విషం, ఆ భయం సబబే. ఎరువు మాత్రం పైరుకు తిండి. పేడ వేసినా, యూరియా చల్లినా వరి వేరు నత్రజనిని పీల్చుకునేది ప్రధానంగా అమ్మోనియం, నైట్రేట్‌ రూపాల్లోనే.

నన్ను కలవరపెట్టేది పొలంలో వేయకుండా వదిలేస్తున్నది. 45 కిలోల యూరియా సంచి సబ్సిడీ మీద 266 రూపాయల 50 పైసలకే వస్తుంది. చల్లగానే చేను పచ్చబడుతుంది. రైతు చేయి అటే పోవడంలో ఆశ్చర్యం లేదు. జింకుకు అలాంటి ఆకర్షణ లేదు. పంట పంటకూ నేలలోంచి తరుగుతూనే ఉంటుంది. పైగా భాస్వరం మోతాదు మించితే ఉన్న కాస్త జింకు కూడా మొక్కకు సరిగా అందదు. వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు తెచ్చే ‘ఖైరా’కు కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్‌. నేనె తేల్చారు. అదే దశకంలో ఇరాన్‌, ఈజిప్టుల్లో పనిచేసిన మన బిహార్‌ వైద్యుడు ఆనంద ప్రసాద్‌, ఎదుగుదల ఆగిపోయిన యువకుల్లో ఇదే లోపాన్ని బయటపెట్టారు. వాళ్ల తిండి చాలావరకు రొట్టే. మనది అన్నం, అంతే తేడా!

జింకు తక్కువైన పిల్లలు సరిగా ఎదగరు, విరేచనాలు పదేపదే పట్టుకుంటాయి. అందుకే నీళ్ల విరేచనాలైన అయిదేళ్లలోపు పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు మాత్ర ఇస్తాం. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పసివాళ్లకు అందులో సగం. విరేచనాలు ఆగగానే చాలామంది తల్లులు మాత్రా ఆపేస్తారు. ఆపకండి, 14 రోజులూ వేయాల్సిందే. ఇంట్లో గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లకు జింకు బాగానే అందుతుంది. శాకాహారులైతే పప్పులు, నువ్వులు పెంచండి. నానబెట్టి మొలకెత్తించిన పెసలు, శనగల నుంచి జింకు ఒంటికి మెరుగ్గా పడుతుంది.

ఆర్గానిక్‌ అని రాసిన బియ్యానికి రెట్టింపు ధర పెట్టడం మీ ఇష్టం. కానీ జింకు లేని చేలో గడ్డి తిన్న పశువు పేడలో జింకు మాత్రం ఎక్కణ్నుంచి వస్తుంది? పశువుల ఎరువు, జీలుగ, జనుము నేలకు ప్రాణం, కాదనను. వాటితో పాటు లోటున్న ఖనిజాన్నీ వేయాలంటాను. రాజేంద్రనగర్‌ వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువుండే ‘డీఆర్‌ఆర్‌ ధాన్‌ 45’ రకం ఇచ్చింది. అలాంటి బియ్యం రేషన్‌ షాపుల దాకా రావాలని నా కోరిక.

మీలో చాలామందికి ఊళ్లో కౌలుకిచ్చిన పొలం ఉండే ఉంటుంది. ఏటా కౌలు డబ్బులు లెక్కపెట్టుకుంటాం, భూసార పరీక్ష ఎప్పుడు చేయించామో మాత్రం గుర్తుండదు. వచ్చే ఏడు ఉంటాడో లేదో తెలియని కౌలురైతు మీ నేల కోసం ఎందుకు ఖర్చు పెడతాడు? సాయిల్‌ హెల్త్‌ కార్డులో జింకు గడి చూడండి. తక్కువుంటే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఖర్చు మీరే భరించండి. రెండు మూడు పంటలకోసారి వేస్తే చాలు. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయొద్దని చెప్పండి. కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.